అప్‌డేట్ తర్వాత సర్వీసు లేవనప్పుడు

మిత్రులారా, నమస్కారం.

లైనక్స్ మెషీన్‌లో ప్యాకేజీల (ప్రోగ్రామ్‌లు వచ్చే కట్టల) అప్‌డేట్ సజావుగా ముగిసినట్టే కనిపించినా, నిన్నటిదాకా నడిచిన సర్వీసు, అంటే తెర వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రామ్, ఇవాళ ‘ఫెయిల్డ్’ అని చూపిస్తే, మనలో చాలామంది మొదట చేసే పని దాన్ని మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేయడం, అదీ ఫలించకపోతే ప్యాకేజీని తీసేసి తిరిగి ఇన్‌స్టాల్ చేయడం. ఈ తొందరలో ఆధారాలు చెరిగిపోతాయి. ఏమి మారిందో తెలిసేదాకా దేనినీ మార్చవద్దని నేను గట్టిగా కోరుతున్నాను.

సర్వీసులను ప్రారంభించి నడిపించే సిస్టమ్‌డీ మామూలుగా 10 సెకన్లలో 5 సార్లకు మించి ఒక సర్వీసును ప్రారంభించనివ్వదు. హద్దు దాటగానే ‘స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్‌లీ’ అనే సందేశం వస్తుంది. సర్వీసు స్థితిని చూపే సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కమాండు లాగ్‌లోని చివరి పది పంక్తులనే చూపుతుంది కాబట్టి అసలు కారణం అంతకు పైనే ఉండిపోతుంది. అందుకే పూర్తి లాగ్‌ను చూపే జర్నల్‌సీటీఎల్‌ను సర్వీసు పేరుతో నడిపి, పైకి వెళ్లి, మొట్టమొదటి ఎర్రర్‌ను చదవాలి. అక్కడ 203 అనే స్టేటస్ ఉంటే ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డీ నడపలేకపోయిందని అర్థం: ఫైల్ వేరే చోటికి మారి ఉండవచ్చు, లేదా నడిపే అనుమతి పోయి ఉండవచ్చు. 127 ఉంటే చాలాసార్లు అవసరమైన లైబ్రరీ (ప్రోగ్రామ్‌లు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఫైల్) దొరకలేదన్నమాట. ఎల్‌డీడీ కమాండు దాని పేరు చెబుతుంది.

ఇక ఏమి మారిందన్న ప్రశ్న. దీనికి మన జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. 2022 ఆగస్టు 30న ఉబుంటు 18.04కు వచ్చిన సిస్టమ్‌డీ అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజూర్‌లోని ఎన్నో వర్చువల్ మెషీన్లలో డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే వ్యవస్థ) ఆగిపోయింది. అనేక మెషీన్లలో ఆ అప్‌డేట్‌ను ఎవరూ చేతితో చేయలేదు. ఆటోమేటిక్ అప్‌గ్రేడ్ ద్వారా దానంతట అదే వచ్చింది. ‘నేనేమీ ముట్టుకోలేదు’ అని అడ్మినిస్ట్రేటర్ నిజాయితీగా అన్నా ఆ మాట సరిపోదు. డెబియన్, ఉబుంటులలో ప్యాకేజీ మేనేజర్ ఏపీటీ లాగ్ డైరెక్టరీలో ఉండే హిస్టరీ ఫైల్, ఫెడోరా కుటుంబంలో ప్యాకేజీ మేనేజర్ డీఎన్‌ఎఫ్ హిస్టరీ కమాండు, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు ఎప్పుడు మారిందో చెబుతాయి.

ఆ జాబితాలో మీ సర్వీసు పేరే ఉండకపోవచ్చు. అది వాడుకునే లైబ్రరీ మారి ఉండవచ్చు. తేదీ కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది: నడుస్తున్న ప్రాసెస్, డిస్కు మీద లైబ్రరీ మారినా, మెమరీలోని పాత ప్రతితోనే కొనసాగుతుంది కనుక, నెల కిందటి అప్‌డేట్‌లోని లోపం నిన్నటి రీబూట్ తర్వాతే బయటపడవచ్చు. సర్వీసు అంతకుముందు చివరిసారి ఎప్పుడు ప్రారంభమైందో చూసి, ఆ తేదీ నుంచి వచ్చిన మార్పులన్నిటినీ పరిశీలించండి.

ప్యాకేజీలో లోపం లేకుండానే సర్వీసు ఆగే సందర్భాలూ ఉన్నాయి. మనం దిద్దుకున్న కాన్ఫిగరేషన్ ఫైల్‌ను అలాగే ఉంచి, కొత్తదాన్ని డీపీకేజీ-డిస్ట్ లేదా ఆర్‌పీఎమ్-న్యూ అనే తోకతో పక్కన పెట్టడం ప్యాకేజీ మేనేజర్ల పద్ధతి. కొత్త ప్రోగ్రామ్ తొలగించిన పాత ఆప్షన్ మన ఫైల్‌లో మిగిలితే సర్వీసు లేవదు. రెండు ఫైళ్లనూ తేడాలు చూపే డిఫ్ కమాండుతో పోల్చండి. ఎన్‌జిన్‌ఎక్స్, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ వంటివాటికి హైఫన్ టీ (-t) ఆప్షన్ ఇచ్చి, సర్వీసును ప్రారంభించకుండానే కాన్ఫిగరేషన్‌ను పరీక్షించవచ్చు. ఎప్పుడో మనమే రాసి మరిచిపోయిన యూనిట్ ఓవర్‌రైడ్‌లను (సర్వీసు సెట్టింగుల ఫైల్‌కు చేసిన మార్పులను) సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ చూపిస్తుంది.

లోపం ప్యాకేజీదేనని తేలితే పాత వెర్షన్‌ను పేర్కొని ఇన్‌స్టాల్ చేసి, డెబియన్, ఉబుంటులలో ఏపీటీ-మార్క్ హోల్డ్‌తో, మళ్లీ అప్‌డేట్ కాకుండా నిలపవచ్చు. డీఎన్‌ఎఫ్‌లో అప్‌డేట్‌ను వెనక్కి తిప్పే హిస్టరీ అన్‌డూ ఉంది. డేటాబేస్‌ల విషయంలో మాత్రం చేయి ఆపండి. ఉదాహరణకు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 8.0 వెర్షన్ ఒకసారి డేటాను అప్‌గ్రేడ్ చేశాక 5.7కు నేరుగా వెనక్కి వెళ్లే వీలు లేదు. అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన బ్యాకప్ ఒక్కటే దారి.

పాత వెర్షన్‌తో సర్వీసు లేచాక, మొదటి ఎర్రర్ పంక్తినీ రెండు వెర్షన్ల సంఖ్యలనూ జతచేసి డిస్ట్రిబ్యూషన్ వారికి బగ్ నివేదిక పంపండి. హోల్డ్‌లో ఉన్న ప్యాకేజీకి భద్రతా సవరణలు కూడా అందవు కనుక, సరిచేసిన వెర్షన్ రాగానే దాన్ని వేరే మెషీన్ మీద పరీక్షించి, అదే రోజు హోల్డ్ తీసివేయండి.