చెన్నపట్నం కోట కన్నా ముందు మన దుగరాజపట్నం

నమస్కారం. చెన్నైలో సెయింట్ జార్జ్ కోట మీలో చాలామంది చూసే ఉంటారు. అది లేచే ముందు ఇంగ్లీషువాళ్లు ఈ కోరమాండల్ తీరంలో ఫిరంగులు దించుకుని మకాం పెట్టింది ఎక్కడో తెలుసా? మన ఉమ్మడి నెల్లూరు జిల్లా, వాకాడు మండలం దుగరాజపట్నంలో! వాళ్ల కాగితాల్లో ఈ ఊరు ఆర్మగాన్. ఇక్కడ చోటు దొరకడానికి సాయం చేసిన ఆరుముగ మొదలియారు పేరే అలా మారిందని చెబుతారు.

ఇక్కడికే ఎందుకొచ్చారంటే, వేరే చోట నిలవనివ్వలేదు. 1611లో మచిలీపట్నంలో దిగారు, అక్కడ అధికారులతో గొడవలు. పులికాట్‌లో డచ్చివాళ్లు 1613 నాటికే కోట కట్టుకుని ఉన్నారు. 1621లో ఇంగ్లీషువాళ్లు ఆ డచ్చివాళ్ల పక్కనే వ్యాపారం చేయబోయి, రెండేళ్లకే మూటాముల్లె సర్దుకున్నారు. 1626లో మన ఊరికి చేరారు.

కోట అంటే ఉదయగిరిని ఊహించుకోకండి. సరుకు దాచే గిడ్డంగి, చుట్టూ 12 ఫిరంగులు, గుమాస్తాలూ సిపాయిలూ కలిపి 23 మంది. అంతే.

ఆ కాపలా అంతా దేనికి? బట్టకి! జావా, ఆ చుట్టుపక్కల దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్లు అడిగేది మన తీరంలో నేసిన నూలుబట్ట, అద్దకం బట్ట. మన మగ్గం మీద దిగిన తాను వాళ్లకి డబ్బుతో సమానం. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు నిజంగా గర్వంగా ఉంటుంది.

ఓడలు ఒడ్డుకి రాలేవు, దూరంగా లంగరు వేసేవి. ఈ తీరంలో సరుకు మోసింది మసూలా పడవలు. ఆ పడవని దగ్గరగా చూస్తే ఒక్క మేకు కనబడదు. పలకకి పలక కొబ్బరి పీచు తాడుతో కుట్టేసి ఉంటుంది. అల వచ్చి బలంగా కొడితే పడవ కాస్త వంగుతుంది గానీ విరగదు. బట్టల మూటలు అలా కెరటాలు దాటేవి.

మరి కోట ఎందుకు వదిలేశారు? ఫిరంగులు ఉన్నాయి, కావలసినంత మంచి బట్ట అందలేదు. ఇక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి వెళ్లి మద్రాసపట్నం దగ్గర బేరం చూశాడు. అక్కడ బట్ట 20 శాతం చవక. ఇంకేముంది! ఆ ప్రాంతాన్ని ఏలే దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర అనుమతి సంపాదించాడు. 1640 ఫిబ్రవరిలో ఆర్మగాన్ మనుషులు అక్కడ దిగారు, కోట పని మొదలుపెట్టారు.

అంటే మద్రాసు ఎక్కడ పుట్టాలో తేల్చింది ఫిరంగి కాదు, నేతగాడి మగ్గం. మన పాఠాల్లో ఆ నగరం పుట్టిన తేదీ ఉంటుంది, ఈ 14 ఏళ్ల సంగతి ఉండదు. అదే నా బాధ.

ఈసారి నేలపట్టులో పక్షులు చూడడానికి వచ్చినప్పుడు దుగరాజపట్నం దాకా రండి. పిల్లల్ని ఒడ్డున నిలబెట్టి, ఓడలు ఆగిన సముద్రం ఇదేనని చూపించండి.