సిరప్ సీసా మీది రెండు అంకెలు: మిల్లీగ్రాములను ఎం.ఎల్.లోకి మార్చడం ఎలా?

(దృశ్యం: ఉదయం. విశాఖపట్నం మహారాణిపేట, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పరిసరాల్లో మెడికల్ షాపుల వరుస. కెమెరా ఒక కౌంటరు దగ్గర ఆగుతుంది. బల్ల మీద రెండు సిరప్ సీసాలు.)

నమస్కారం. ఈ రెండు సీసాల్లో ఉన్నది ఒకే మందు, పారాసిటమాల్. పిల్లల జ్వరానికి వాడేది. పోయిన వానాకాలంలో పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి ఇలాంటివే రెండు సీసాలు నా ముందు పెట్టి, "బాబూ, ఇది అయిపోతే మా ఊళ్లో ఇది కొన్నాను. రెండూ ఒకటేనా?" అని అడిగారు. మందు ఒకటేనమ్మా అన్నాను. ఆమె ఊపిరి పీల్చుకుని సీసాలు సంచిలో పెట్టుకోబోతుంటే, ఎంత పోస్తున్నారమ్మా అని అడిగాను.

"దానికి పోసినంతే. ఆరు ఎం.ఎల్."

(దృశ్యం: రెండు సీసాల లేబుళ్లు దగ్గరగా. మొదటిదాని మీద 5 ఎం.ఎల్.కు 120 మి.గ్రా., రెండోదాని మీద 5 ఎం.ఎల్.కు 250 మి.గ్రా.)

చూడండి. రెండో సీసాలో మందు రెట్టింపు కంటే కాస్త ఎక్కువే ఉంది. అదృష్టవశాత్తు ఒక్కసారే పోశారు, వెంటనే డాక్టరుకు చూపించారు, పాపకు ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి సిరప్ అమ్మిన ప్రతిసారీ నేను వేలు పెట్టి ఆ చిన్న అక్షరాలను చూపిస్తున్నాను. ఈ వీడియో కూడా అందుకే.

మిల్లీగ్రాము అంటే బరువు. మిల్లీలీటరు అంటే ద్రవం ఆక్రమించే చోటు. ఈ తేడా మన ఇళ్లకు కొత్తది కాదు. సోల, తవ్వ, మానిక చోటును కొలిచేవి. తులం, వీశె బరువును తూచేవి. సోలెడు బియ్యం, సోలెడు అటుకులు ఒకే బరువు తూగవని మన అమ్మమ్మలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

సిరప్‌ను శ్రీరామనవమి పానకంలా ఊహించుకోండి. ఒక గ్లాసులో ఒక బెల్లం ముక్క కలిపారు, ఇంకో గ్లాసులో రెండు. గ్లాసులు ఒకటే, బెల్లం ఒకటి కాదు. డాక్టరు లెక్క వేసేది బెల్లం ఎంత అని. మనం పిల్లల నోట్లో పోసేది పానకం. చీటీ మీద "5 ఎం.ఎల్." అని మాత్రమే ఉంటే, అది ఏ పానకంలో 5 ఎం.ఎల్. అన్నది తప్పనిసరిగా అడగాలి. కేజీహెచ్‌కు శ్రీకాకుళం, విజయనగరం, మన్యం ఊళ్ల నుంచి వస్తారు. చీటీ ఇక్కడ రాస్తారు, రెండో సీసా ఎక్కడో కొంటారు. పొరపాటు జరిగేది ఆ మధ్యలోనే.

(దృశ్యం: తెల్ల కాగితం మీద పెన్నుతో లెక్క.)

ఇప్పుడు లెక్క. బడిలో నేర్చుకున్న త్రైరాశికమే. పన్నెండు కిలోల పాపకు డాక్టరు 150 మిల్లీగ్రాములు రాశారు అనుకుందాం. పిల్లలకు పారాసిటమాల్ సాధారణంగా ఒక మోతాదుకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఇస్తారు కాబట్టి ఇది సరైన పరిధిలోనే ఉంది. మోతాదు నిర్ణయించడం డాక్టరు పని. దాన్ని ఎం.ఎల్.లోకి మార్చుకోవడమే మన పని.

మొదటి సీసాలో 5 ఎం.ఎల్.కు 120. అంటే ఒక ఎం.ఎల్.లో 24 మిల్లీగ్రాములు. 150ని 24తో భాగిస్తే 6.25 ఎం.ఎల్.

రెండో సీసాలో ఒక ఎం.ఎల్.కు 50. అదే 150కి 3 ఎం.ఎల్. చాలు.

(దృశ్యం: డ్రాపర్ ఉన్న చిన్న సీసా బల్ల మీద పెడతారు.)

ఇక ఈ చిన్న సీసా చూడండి. చంటిపిల్లల డ్రాప్స్. పసిపిల్లలకు ఇచ్చేది కదా, తేలికగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజం తలకిందులు. కొంచెం ద్రవంలోనే మందు పట్టాలి కాబట్టి దీన్నే చిక్కగా చేస్తారు. ఈ సీసాలో ఒక్క ఎం.ఎల్.కే 100 మిల్లీగ్రాములు. 150కి ఒకటిన్నర ఎం.ఎల్. సరిపోతుంది. మొదటి సిరప్ కొలతతో 6.25 ఎం.ఎల్. ఈ డ్రాప్స్ పోస్తే 625 మిల్లీగ్రాములు వెళ్తుంది. పెద్దవాళ్లు మింగే 500 మాత్రలో ఉన్న మందు కంటే ఎక్కువ, పన్నెండు కిలోల పాపకు. ఈ మాట దయచేసి మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

లేబుల్ ఇంగ్లీషులో ఉందని వదిలేయకండి. అంకెలు అందరూ చదవగలరు. "5 ఎం.ఎల్." పక్కనో, "1 ఎం.ఎల్." పక్కనో మందు బరువు అంకె ఉంటుంది. ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. అదే ఫొటో రెండో సీసా కొనేటప్పుడు కూడా చూపించండి.

(దృశ్యం: వంటింటి ఎలక్ట్రానిక్ తూకం. దాని మీద చిన్న కప్పులు ఒకదాని తర్వాత ఒకటి.)

"ఒక ఎం.ఎల్. అంటే ఒక గ్రాము కదా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. నీటికి దాదాపు నిజమే. ఇదిగో, 5 ఎం.ఎల్. నీళ్లు, 5 గ్రాములు. అదే సిరంజితో 5 ఎం.ఎల్. తేనె పోస్తున్నాను, అరకు తేనె: 7 గ్రాములు. ఆముదం 5 ఎం.ఎల్.: 5 గ్రాములకు కాస్త తక్కువ. వంటనూనె లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములు అని మీరు చూసే ఉంటారు. ద్రవాన్నే తూచి వాడాల్సి వచ్చినప్పుడు ఒక ఎం.ఎల్. ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క, అంటే సాంద్రత, అవసరం. చూర్ణంలో 10 గ్రాముల తేనె కలపమని వైద్యుడు చెబితే, ఒక ఎం.ఎల్. తేనె సుమారు 1.4 గ్రాములు కాబట్టి పదిని 1.4తో భాగించండి, సుమారు 7 ఎం.ఎల్. వస్తుంది. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె అసలు వద్దు.

సిరప్ విషయంలో ఈ తూకం మనకు అక్కరలేదు. 5 ఎం.ఎల్. సిరప్ మొత్తం ఎన్ని గ్రాములు తూగినా, లోపలి మందు లేబుల్ మీద రాసినంతే. "మి.గ్రా." అని రాసి ఉంది కదా అని సిరప్‌ను తూచకండి.

శాతాల్లో రాసినవి కూడా ఇలాగే. సెలైన్ మీద 0.9 శాతం అంటే 100 ఎం.ఎల్.లో 0.9 గ్రాముల ఉప్పు, ఒక ఎం.ఎల్.కు 9 మిల్లీగ్రాములు.

(దృశ్యం: రకరకాల చెంచాలు, ఒక ఉగ్గుగిన్నె, సూది లేని సిరంజి.)

లెక్క సరిగ్గా వేసి కొలత తప్పితే ఫలితం ఉండదు. ఈ మూడు చెంచాలూ నేను మా ఇంటి నుంచే తెచ్చాను, మూడూ మూడు కొలతలు. ఉగ్గుగిన్నెతో తాగించండి, తప్పులేదు, కానీ కొలవడం మాత్రం సూది లేని సిరంజితో. కొలత కప్పు అయితే చేత్తో పైకెత్తి కాకుండా, బల్ల మీద పెట్టి గీతను కంటి ఎత్తులో చూడాలి. సీసాను ముందు బాగా కుదపండి. కొన్ని మందులు అడుగున పేరుకుంటాయి. కుదపకపోతే పైన పలచన, చివర చిక్కన. అప్పుడు లేబుల్ మీది అంకె పనికిరాదు.

పొడి రూపంలో వచ్చే యాంటీబయాటిక్ సీసాతో ఇంకో పొరపాటు జరుగుతుంది. "30 ఎం.ఎల్." అని చూసి 30 ఎం.ఎల్. నీళ్లు కొలిచి పోస్తారు. పొడి కూడా చోటు తీసుకుంటుంది. అందుకే కాచి చల్లార్చిన నీళ్లు గీతకు కొంచెం కిందివరకు పోసి, కుదిపి, నురుగు తగ్గాక సరిగ్గా గీత వరకు నింపాలి. కలిపిన తేదీని సీసా మీద రాయండి.

(దృశ్యం: వ్యాఖ్యాత కెమెరా వైపు చూస్తూ.)

ఇదంతా తెలిశాక కూడా ఎప్పుడైనా ఎక్కువ పోశామని అనుమానం వస్తే, పిల్లలు ఆడుకుంటున్నారు కదా అని ఆగకండి. పారాసిటమాల్ ఎక్కువైతే దెబ్బ కాలేయానికి, అది మొదటి రోజు పైకి కనిపించకపోవచ్చు. ఏ మందు, ఎన్ని ఎం.ఎల్., ఎన్ని గంటలకు పోశారో కాగితం మీద రాసుకుని, ఆ సీసానే చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరు మొదట అడిగేది ఆ సీసానే.