ముక్కులో ప్యాక్, రాత్రిపూట బీపీ

అందరికీ నమస్తే. హన్మకొండలో ముక్కు, చెవి, గొంతు డాక్టరుగా పనిచేసే నేను బీపీ గురించి మాట్లాడుతానంటే, ఈయనకేం సంబంధమని మీలో కొందరికి అనిపించే ఉంటుంది. సంబంధం ఉంది, అదీ రాత్రిపూట.

ముక్కు రంధ్రాల మధ్య ఉండే గోడను దూలం అంటాం. అది వంకరపోయి ఊపిరి ఆడకపోతే సరిచేసే ఆపరేషనే సెప్టోప్లాస్టీ. అయ్యాక రక్తం కారకుండా, గోడమీది పొర లేవకుండా కొందరికి ప్యాక్ పెడతాం. మన దగ్గర దాన్ని ‘దూది పెట్టిండ్రు’ అంటారు గానీ అది దూది కాదు. మందు పూసిన గాజుగుడ్డ, లేదంటే మెరోసెల్ అనే స్పాంజి. ఈ మెరోసెల్ పెట్టేటప్పుడు అట్టముక్కలా ఉంటుంది, తడి తగలగానే ఉబ్బి ముక్కంతా నిండుతుంది. మామూలుగా ఒకటి రెండు రోజులు ఉంచుతాం.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే ఒకాయనకు రెండువైపులా ప్యాక్ పెట్టాను. సాయంత్రం బీపీ బాగానే ఉంది. తెల్లవారుజామున మూడింటికి సిస్టర్ ఫోన్ చేసింది, పై అంకె 160 దాటిందని. వెళ్లి చూస్తే మనిషి మంచంమీద కూర్చుని ఉన్నాడు, పెదాలు ఎండి పగిలాయి, చేతిలో నీళ్ల గ్లాసు. “నిద్ర పట్టంగనే ఎవరో గొంతు పిసికినట్టయితుంది సార్. నీళ్లు మింగితే చెవులు గుంజుతున్నయ్” అన్నాడు.

ఆయన చెప్పిందే అసలు కారణం. ముక్కు మూసుకుంటే నోటితో పీల్చాలి. నిద్రలో నోరు తెరుచుకుంటే దవడ, నాలుక వెనక్కి జారి గొంతు దారి ఇరుకవుతుంది. రక్తంలో ఆక్సిజన్ కొంచెం తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. లేచిన ప్రతిసారీ అడ్రినలిన్ ఎగజిమ్మి, గుండె దడదడలాడి, రక్తనాళాలు బిగుసుకుంటాయి. మంచి నిద్రలో బీపీ పగటికంటే 10 నుంచి 20 శాతం దిగాలి. ఇక్కడ ఆ దిగడం ఆగిపోతుంది, ఒక్కోసారి ఎదురు పెరుగుతుంది. పైగా నొప్పి, టెన్షన్. వయసులో ఉన్న ఆరోగ్యవంతుడికి ఇది రెండు రాత్రుల తిప్పలే. గురక జబ్బున్నవారికి, గుండె జబ్బున్నవారికి, ముందే బీపీ ఉన్నవారికి అలా కాదు. బీపీ పెరిగితే ముక్కు నుంచి రక్తం కూడా మళ్లీ మొదలుకావచ్చు.

ఆ హమాలీ విషయంలో నా తప్పూ ఉంది. పరగడుపున రమ్మన్నాను, ఆయన బీపీ గోలి కూడా మానేసి వచ్చాడు. నేను అడగలేదు. అందుకే ఇప్పుడు అందరికీ నోరు నొప్పి పుట్టేలా చెబుతున్నా: ఏ గోలి ఆపాలో, ఏది గుక్కెడు నీళ్లతో వేసుకోవాలో మత్తు డాక్టరు చెబుతారు, మీకు మీరు ఆపకండి. తల కింద రెండు దిండ్లు పెట్టుకోండి. నొప్పికి సొంతంగా మందులు కొనుక్కోవద్దు, వాటిలో కొన్ని బీపీని పెంచుతాయి.

ఇంకో మాట. అందరికీ ప్యాక్ అక్కర్లేదు. దూలం పొరలను కుట్లతో అదిమి ఉంచవచ్చు, గాలి ఆడే గొట్టం ఉన్న సిలికాన్ పలకలు పెట్టవచ్చు. నేను ఇప్పుడు వీలైనంతవరకు కుట్లే వేస్తున్నా. ఆపరేషన్‌కు ముందే మీ డాక్టరును అడగండి, ఏమీ అనుకోరు.

ప్యాక్ తీసేటప్పుడు కథ తిరగబడుతుంది, కొందరికి బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి. అందుకే ఆయనను పడుకోబెట్టి తీశాను. తీశాక ఒక్క శ్వాస తీసుకుని, “మార్కెట్ల మిర్చి ఘాటు గిట్ల ఉంటదని ఇన్నేండ్లకు తెలుస్తది గావచ్చు సార్” అన్నాడు.