ఎపిసోడ్ 23: ఇంటర్న్‌షిప్ అయిపోయె, ఎండ అయిపోల్యా

బాషా: పడుతాందా రికార్డింగు? ఆ... నమస్తే, కర్నూలు నుంచి మేమే. ఈ వారం మన సీనాగాని ఇంటర్న్‌షిప్ ముగింపు. 

సీనా: సోలార్ ప్లాంటులో ఎనిమిది వారాలు చేసినా, శుక్రవారం అయిపోయె. సర్టిఫికెట్టులో నా పేరు తప్పు పడింది. అంతే.

బాషా: గని, శకునాల ఊర్ల కాడ ఉండే సోలార్ పార్కా?

సీనా: కాదురా. అది వెయ్యి మెగావాట్లు, 2017 నుంచి నడుస్తాంది. దాని ముందర మాది కోడిపిల్ల.

బాషా: ఈ ఎండకు కోడిపిల్ల గూడా కోడైతాది. మే నెలంటే మీకు పండగే కదా?

సీనా: అదే తప్పు. మొదటిరోజు నేనూ అట్లే అంటే మా సారు నవ్వె. సోలార్ పలకకు కావాల్సింది వెలుతురు, వేడి కాదు.

బాషా: ఎండంటే ఎండే కదరా! రెండుంటాయా?

సీనా: ఉంటాయి. దానిమీద రాసిండే వాట్లు 25 డిగ్రీల కాడి లెక్క. ఆపైన ఒక్కో డిగ్రీకి నూటికి 0.4 దాకా తగ్గుతాది. బయట 42 ఉంటే పలక 65 కెక్కుతాది. లెక్కెయ్యి.

బాషా: నలభై డిగ్రీలు ఎక్కువ... పదహారు.

సీనా: నూటికి పదహారు పాయె.

బాషా: నేను నమ్మను. మా మిద్దె మీద మిరపకాయలు వేడికే ఎండుతాయి.

సీనా: మిరపకాయ కరెంటిస్తాదా?

బాషా: వేడి గురించి మాకు చెప్తావా! 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధానయి, డేరాల్లో ఆఫీసులు నడిపిన ఊరు ఇది. మూడేండ్లకే హైదరాబాదుకు ఎత్తకపోయిరి గానీ...

సీనా: వచ్చె రాజధాని. మా రిజిస్టరులో మే కన్నా మార్చి కరెంటే మీదుండె, చూపిస్తా రా.

బాషా: రిజిస్టరు రాసేదెవురు, నువ్వే కదా.

సీనా: పలకలు కడిగే పెద్దాయనను అడుగు పో. రోజూ ఐదింటికే మొదలుపెడతాండె. పలక కాలినాక చల్లనీళ్లు పోస్తే అద్దం చిట్లచ్చు. బోరునీళ్లు అట్లే ఆరితే తెల్లమరక. చెయ్యి తిప్పి, వేళ్ల వెనకతట్టు అద్దానికి ఆనించి, "ఇంగ చాలు నాయనా, కాలింది" అనేటోడు. ఆయప్ప అన్నాక మా సారు థర్మామీటరు తీసేది.

బాషా: ఆఖరి రోజు ఏమన్నె?

సీనా: కలవల్యా. ఆఫీసులో కేకు కోసింది సాయంత్రం నాలుక్కు. ఆయప్ప తొమ్మిదికే ఇంటికి పోయిండె. హెల్మెట్టు స్టోరులో ఇచ్చి, సంతకం పెట్టి, బస్సెక్కితి.

బాషా: ఫోన్ చెయ్యి.

సీనా: నంబరు ల్యా.

బాషా: పేరేంది?

సీనా: ...పెద్దాయనా అంటాంటి.

బాషా: ఎనిమిది వారాలా?

సీనా: ఊఁ.

బాషా: రేపు తెల్లారి బండి తీ. పోదాం.

సీనా: గేటు పాసు ఇచ్చేసినా. లోపలికి రానీరు.

బాషా: బయటే నిలబడదాం, తొమ్మిదికి వస్తాడు కదా. ఓర్వకల్లులో ఉగ్గాని, బజ్జీ తిని పోదాం.

సీనా: నీకు బజ్జీ.

బాషా: ఐదు నుంచి తొమ్మిది దాకా ఏం చేస్తాం మరి? 1953 నుంచి మొదలుపెట్టి...

సీనా: ఆపెయ్‌రా. రికార్డింగు ఆపు.