వైజాగ్ బండి కంప్యూటర్‌లో నడపాలంటే: ఓపెన్ రైల్స్‌లో మంచి ఎంత, చిక్కు ఎక్కడ

నమస్కారం అండీ. వెనక వినిపిస్తున్న అనౌన్స్‌మెంట్ విశాఖపట్నం స్టేషన్‌ది, కెమెరా ఇప్పుడు జ్ఞానాపురం వైపు ఉంది. బయటి దేశాల్లో ఉంటూ శని, ఆదివారాల్లో ల్యాప్‌టాప్ తెరిచి మన బండ్లు నడపాలనుకునే మీ కోసమే ఈ వీడియో. సగం స్టేషన్ చూపిస్తాం, సగం స్క్రీన్.

ఏ గేమ్ కొనాలని చాలామంది అడుగుతుంటారు. ట్రైన్ సిమ్ వరల్డ్ బొమ్మ చాలా బాగుంటుంది, క్యాబ్‌లో ప్రతి స్విచ్చూ చేత్తో తిప్పినట్టే ఉంటుంది. కానీ అందులో ఎక్కువగా ఉండేవి యూకే, జర్మనీ, అమెరికా రూట్లు. ఒక్కో రూటూ విడిగా డబ్బు పెట్టి కొనాలి. మన ఇంజన్లు, మన పెట్టెలు కావాలంటే ఇప్పటికీ దారి ఓపెన్ రైల్స్ వైపే. అది ఉచితం, ఓపెన్ సోర్స్. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ కోసం చేసిన రూట్లు, ఇంజన్లు అందులో నడుస్తాయి. అభిమానులు తయారుచేసిన డబ్ల్యూఏపీ-7 (ప్రయాణికుల బండ్ల కరెంటు ఇంజన్), డబ్ల్యూఏజీ-9 (గూడ్సు కరెంటు ఇంజన్) లాంటివన్నీ ఆ పద్ధతిలో ఉన్నవే.

దాని బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. ఇంజన్ ఎలా నడవాలో గేమ్ తనంతట తాను నిర్ణయించదు, ఇంజన్ ఫైలులో రాసిన అంకెలు చెప్పినట్టే నడిపిస్తుంది. అంకెలు సరిగ్గా ఉంటే బండి బరువు మీ చేతికి తెలుస్తుంది. తప్పుగా ఉంటే రంగు మనదే, నడక మాత్రం పరాయిది. అందుకే కొత్త ఇంజన్ దించుకోగానే దాని పెయింట్ చూసి మురిసిపోకండి, ముందు బ్రేకు చూడండి.

మన బండ్లలో బ్రేక్ పైపు ఒత్తిడి, అంటే బీపీ, 5 కేజీలు (చదరపు సెంటీమీటరుకు). ఈ ఒత్తిడి తగ్గితే బ్రేకు పడుతుంది, పెరిగితే వదులుతుంది. ఫీడ్ పైపు 6 కేజీలు. గేమ్ ఫైళ్లలో ఒత్తిడిని పీఎస్‌ఐలో (చదరపు అంగుళానికి పౌండ్లలో) రాస్తారు కాబట్టి 5 కేజీలంటే దాదాపు 71. ఎవరైనా అమెరికా ఇంజన్ ఫైలును కాపీ చేసి, పేరు మార్చి, అంకె మార్చడం మరిచిపోతే అక్కడ 90 ఉంటుంది. అంటే 6.3 కేజీలు. అప్పుడు మీరు అర కేజీ తగ్గించాననుకున్నా లెక్క కలవదు. ఇంజన్ ఫోల్డర్‌లో ఈఎన్‌జీ ఫైలును, అంటే ఆ ఇంజన్ అంకెలుండే ఫైలును, నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ట్రైన్ బ్రేక్స్ కంట్రోలర్ మ్యాక్స్ సిస్టమ్ ప్రెషర్ అన్న వరస వెతికి 71 చేయండి. ముందు అసలు ఫైలుకు ఒక కాపీ పక్కన పెట్టుకోండి, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ మార్చకండి.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మన వేగన్లలో బ్రేకు పట్టించి వదిలే సీ3డబ్ల్యూ డిస్ట్రిబ్యూటర్ వాల్వ్ బ్రేకును మెట్లు మెట్లుగా వదులుతుంది. బీపీ 4.2 నుంచి 4.5కి తెస్తే బ్రేకు కొంచెం సడలుతుంది, అక్కడే ఆగుతుంది. అమెరికా గూడ్సులో వాడే ట్రిపుల్ వాల్వ్ అలా కాదు, ఒత్తిడి కాస్త పెరిగిందంటే బ్రేకు మొత్తం వదిలేస్తుంది. వేగన్ ఫైలులో ట్రిపుల్ వాల్వ్ అని ఉంటే మన బాక్స్‌ఎన్ (పైకప్పు లేని గూడ్సు వేగన్) కూడా అలాగే ప్రవర్తిస్తుంది, ఘాట్ దిగేటప్పుడు కొంప ముంచుతుంది. తేలిక మందు ఆప్షన్స్‌లోనే ఉంది. గ్రాడ్యుయేటెడ్ రిలీజ్ ఎయిర్ బ్రేక్స్ అన్న గడిలో టిక్ పెట్టండి. ఓపిక ఉంటే వేగన్ ఫైలులోనే గ్రాడ్యుయేటెడ్ రిలీజ్ ట్రిపుల్ వాల్వ్ అని మార్చుకోవడం ఇంకా మేలు.

సమయాలు కూడా సరిచూడాలి. గూడ్సు వేగన్‌లో బ్రేకు పూర్తిగా పట్టడానికి 18 నుంచి 30 సెకన్లు, వదలడానికి 45 నుంచి 60 సెకన్లు. ప్రయాణికుల పెట్టెలో పట్టడం 3 నుంచి 5 సెకన్లు, వదలడం 15 నుంచి 20. వేగన్ బ్రేకు సిలిండర్‌లో గరిష్ఠ ఒత్తిడి 3.8 కేజీలు, అంటే 54 పీఎస్‌ఐ. దాన్ని 50 సెకన్లతో భాగిస్తే సెకనుకు ఒకటికి కాస్త పైన. ఫైలులో మ్యాక్స్ రిలీజ్ రేట్ దగ్గర ఉండాల్సింది అదే. అక్కడ 10 అని కనబడితే ఆ వేగన్ ఆరు సెకన్లలోపే బ్రేకు వదిలేస్తోందన్నమాట. నిజమైన లోకో పైలట్ ఎవరూ అలాంటి గూడ్సును నడిపి ఉండరు.

ఇదంతా ఎందుకంటారా? మన దగ్గర కొత్తవలస–కిరండూల్ లైన్ ఉంది కాబట్టి. ఎస్.కోట, బొడ్డవర దాటాక శివలింగపురం నుంచి త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు మీదుగా ఎక్కి సుమారు 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ చేరుతుంది. వాలు 60కి 1. బైలదిల్లా ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బండ్లు విశాఖ పోర్టుకు దిగివచ్చేది దీని మీదుగానే. ఎక్కడం కష్టమనుకుంటారు గానీ ఈ లైన్‌లో అసలు పరీక్ష దిగడమే. ఏ రూటు దించుకున్నా సరే, ఇలాంటి వాలు దొరికితే అక్కడే ప్రాక్టీసు చేయండి. ఎఫ్4 నొక్కితే వచ్చే ట్రాక్ మానిటర్‌లో వాలు శాతంలో కనిపిస్తుంది. 60కి 1 అంటే 1.67 శాతం.

లెక్క వేద్దాం. నిండు బాక్స్‌ఎన్ 81.28 టన్నులు. 58 వేగన్లకు 4,714 టన్నులు. 60తో భాగిస్తే 78.6 టన్నుల బలం, అంటే దాదాపు 771 కిలోన్యూటన్లు, బండిని కిందికి లాగుతుంది. 123 టన్నుల డబ్ల్యూఏజీ-9లు మూడు కడితే వాటి బరువు ఇంకో 60 కలుపుతుంది, మొత్తం 831. ఒక్కో డబ్ల్యూఏజీ-9 రీజనరేటివ్ బ్రేకు (మోటార్లే కరెంటు పుట్టిస్తూ బండిని ఆపే బ్రేకు) గరిష్ఠంగా 260 కిలోన్యూటన్లు. మూడింటికి 780. మిగిలిన 50ను చక్రాల రాపిడి చూసుకుంటుంది, కాబట్టి బండి దాదాపు సమవేగంతో దిగుతుంది. ఇంజన్లు రెండే కడితే రీజనరేటివ్ బ్రేకు 520 మాత్రమే. మిగతా భారమంతా గాలి బ్రేకు మీద పడుతుంది. గేమ్‌లో రెండు ఇంజన్లతో దిగి చూడండి. ఎంత పట్టాలో ఏ పుస్తకమూ ఇంత స్పష్టంగా చెప్పదు. ఈ సిమ్యులేటర్‌లో మాకు అన్నిటికన్నా విలువైనది ఇదే.

పద్ధతి ఇదీ. శిఖరం దాటకముందే వేగం గంటకు 25 కిలోమీటర్లకు తగ్గించండి. రీజనరేటివ్ బ్రేకు నెమ్మదిగా ఎక్కించండి, ఒక్కసారిగా లాగితే వెనక వేగన్లు ముందుకు తోసుకొస్తాయి. ఆ తర్వాత ఏ-నైన్‌తో, అంటే గేమ్‌లో ట్రైన్ బ్రేకుతో, బీపీ 4.5కి దించి పట్టి ఉంచండి. 20, 25 సెకన్లు ఆగి స్పీడోమీటర్ చూడండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు ఆ పాతిక సెకన్లు ఓపిక పట్టకపోవడం. బ్రేకు పట్టలేదనుకుని ఇంకో కేజీ దించుతారు, బండి ఘాట్ మధ్యలో నిలబడిపోతుంది. మళ్లీ వదిలితే రిజర్వాయర్లు నిండకముందే బండి పరుగందుకుంటుంది. పట్టడం, వదలడం నాలుగుసార్లు గబగబా చేశారంటే ఐదోసారి పట్టడానికి గాలి మిగలదు.

ఇప్పుడు మళ్లీ స్టేషన్‌కి వద్దాం. విశాఖకు హౌరా వైపు నుంచి వచ్చినా, విజయవాడ వైపు నుంచి వచ్చినా బండి ఒకే దిక్కు నుంచి లోపలికి వస్తుంది. కోరమండల్ లాంటి బండికి ఇక్కడ ఇంజన్ ఒక చివర విప్పి రెండో చివర కట్టాలి. స్టేషన్‌లోకి రాని బండ్లు దువ్వాడ నుంచి బైపాస్ మీద వెళ్లిపోతాయి. ఇంజన్ మార్చే ఈ పని గేమ్‌లో చేయడం మహా సరదా, పని నేర్పుతుంది కూడా.

బండి ఆగాక బీపీ పూర్తిగా దించి పెట్టెలకు బ్రేకు పట్టించండి. ఎఫ్9 నొక్కి ఇంజన్‌కీ మొదటి పెట్టెకీ మధ్య ఉన్న కప్లింగ్ మీద క్లిక్ చేస్తే విడిపోతుంది. ఎదుటి పాయింట్ (లైన్ మార్చే పట్టాల జోడు) తిప్పడానికి జీ, వెనకదానికి షిఫ్ట్‌తో జీ. పక్క లైన్ మీదుగా రెండో చివరకు వచ్చి, నడక వేగం కన్నా నెమ్మదిగా తగిలించండి. కప్లింగ్ పడినంత మాత్రాన గాలి వెళ్లదు. బ్యాక్‌స్లాష్ నొక్కి పైపులు కలపాలి. ఎఫ్5 తెరలో బ్రేకు పేజీకి వెళ్లి చివరి పెట్టె దగ్గర 5 కేజీలు వచ్చిందో లేదో చూశాకే సిగ్నల్ అడగండి. ఎంతకీ రాకపోతే యాంగిల్ కాక్‌లు (ప్రతి పెట్టె కొసన గాలి పైపుకు ఉండే కుళాయిలు) చూసుకోండి: మధ్యలోవన్నీ తెరిచి ఉండాలి, రెండు కొసల్లోవి మూసి ఉండాలి. ఇప్పుడు తోకగా మారిన పెట్టెకు కొస కాక్ తెరిచి ఉంటే గాలంతా బయటికి పోతూనే ఉంటుంది.

ఇక చికాకు పెట్టేవి. రూటు దించుకున్నాక సగం పెట్టెలు కనిపించకపోవడం అందరికీ ఎదురయ్యేదే. జిప్ విప్పినప్పుడు ట్రైన్‌సెట్‌లో (ఇంజన్లు, పెట్టెలు ఉండే ఫోల్డర్‌లో) ఒక ఫోల్డర్, దాని లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ పడటం దీనికి ప్రధాన కారణం. లోపలిదాన్ని ఒక మెట్టు పైకి జరిపితే చాలు. అప్పటికీ రాకపోతే డెస్క్‌టాప్ మీద ఓపెన్ రైల్స్ లాగ్ ఫైలు ఉంటుంది, ఏ వేగన్ దొరకలేదో అందులో పేరుతో సహా రాసి ఉంటుంది. పట్టాల వెడల్పుకు మాత్రం మందు లేదు. మైక్రోసాఫ్ట్ గేమ్‌తో వచ్చిన పట్టాలు 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్, మనది 1,676. వాటితో కట్టిన రూటులో ఇంజన్ కింద పట్టాలు ఇరుకుగా కనిపిస్తాయి. చెట్లు, ఇళ్లు, ప్లాట్‌ఫాం మీద జనం కూడా పాతకాలపు బొమ్మల్లానే ఉంటాయి. రాత్రి నడిపితే కొంత నయం.

జర్మనీలో ఉన్నవాళ్లకు ఒక మాట. ఈ గేమ్ మీటలను అక్షరంతో కాకుండా కీబోర్డులో ఉన్న చోటుతో గుర్తుపడుతుంది. మీ కీబోర్డు మీద జెడ్, వై తారుమారై ఉంటాయి కదా. నిద్రపోకుండా చూసే విజిలెన్స్ అలారాన్ని ఆపే మీట జెడ్. మీరు వై అని ముద్రించిన మీట నొక్కాలి. ట్రైన్ బ్రేకు పెంచే, తగ్గించే మీటలు కూడా మీకు ఉమ్లౌట్ అక్షరాల మీద పడతాయి. ఆప్షన్స్‌లో కీబోర్డ్ ట్యాబ్‌కు వెళ్లి మొత్తం జాబితా ఎక్స్‌పోర్ట్ చేసి, ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి.

ఆ అలారం కూడా ఆన్ చేసే నడపండి, ఆప్షన్స్‌లో అలర్టర్ ఇన్ క్యాబ్ అని ఉంటుంది. మన ఇంజన్లలో 60 సెకన్లపాటు లోకో పైలట్ ఏ మీటా ముట్టుకోకపోతే 8 సెకన్లు లైటు, ఆపైన 8 సెకన్లు మోత, ఆ తర్వాత బ్రేకు పడిపోతుంది. ఈఎన్‌జీ ఫైలులో విజిలెన్స్ మానిటర్ దగ్గర ఉన్న గడువులను ఈ సెకన్లకు సరిపోయేలా పెట్టుకుంటే దానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఘాట్‌లో బ్రేకు పట్టి, స్పీడు చూస్తూ, ప్రతి నిమిషమూ ఆ మీట నొక్కుతూ శిమిలిగుడ నుంచి శివలింగపురం దాకా దిగడమంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.