ఏటి ఒడ్డు గిడ్డంగులు ఎందుకు మూతపడతాయి? కళింగపట్నం నుంచి సింగపూర్ నది దాకా

[దృశ్యం: కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు, ఇసుక మేటలు. దూరంగా లైట్‌హౌస్.]

నమస్కారం. ఈ వీడియోలో మీకో ప్రశ్న. ఏటి ఒడ్డున వరసగా గిడ్డంగులు ఎందుకు కడతారు? సరుకు దాచుకోవడానికే అంటారు ఎవరైనా. దాచుకోవడానికే అయితే మెరక మీద, ఊరి నడుమ, నీళ్లు రాని చోట కట్టుకోవచ్చు కదా? ఏటా వరద భయం ఉన్న గట్టు మీద అంత డబ్బు పోసి గోడలు లేపడం ఎందుకు? దీనికి జవాబు దొరికితే అవి ఎందుకు మూతపడ్డాయో తెలుస్తుంది. కొన్ని ఊళ్లలో మళ్లీ ఎలా తెరుచుకున్నాయో కూడా తెలుస్తుంది.

మీరు చూస్తున్నది గార మండలంలోని కళింగపట్నం. విజయనగరం వాళ్లకు భీమిలి ఎలాగో, శ్రీకాకుళం వాళ్లకు కళింగపట్నం అలాగ. ఏటి వెంట కాస్త పైకి వెళితే కుడి ఒడ్డున శాలిహుండం కొండ వస్తుంది. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ కొండ మీది బౌద్ధ అవశేషాలను లోకం దృష్టికి తెచ్చారు. ఆయనను వాడుక భాష ఉద్యమకారుడిగానే మనం తలుచుకుంటాం, ఈ సంగతి చాలామందికి తెలియదు. స్తూపాలు, చైత్యాలు, మారీచి, తార అనే బౌద్ధ దేవతల విగ్రహాలు అక్కడ బయటపడ్డాయి. నది సముద్రాన్ని కలిసే చోటికి ఇంత దగ్గరలో అంత పెద్ద ఆరామం వెలిసిందంటే ఊరికే కాదు. భిక్షువులను పోషించిన చేతుల్లో వర్తకుల చేతులు కూడా ఉంటాయి.

[దృశ్యం: గీసిన బొమ్మ. ఒడ్డు, అలలు, దూరంగా లంగరు వేసిన ఓడ. మధ్యలో చిన్న పడవలు.]

ఇప్పుడు ఈ బొమ్మ చూడండి. మన తీరంలోని పాత రేవుల్లో ఓడ ఒడ్డుకు రాదు. లోతు చాలదు. నదీ ముఖం దగ్గర ఇసుక మేట ఉంటుంది, అది ఏటికేడు జరుగుతూ ఉంటుంది. అందుకని ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడుతుంది. ఒడ్డు నుంచి పడవలే దాని దగ్గరకు వెళ్లాలి.

ఆ పడవల గురించి ఒక్క నిమిషం ఆగి చెప్పాలి. కోరమండల్ తీరంలో అలలు దాటే సరుకు పడవలకు మేకులు కొట్టేవారు కాదు. పలకకు పలక ఆనించి, అంచుల్లో రంధ్రాలు పెట్టి, కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. మేకు కొట్టిన పడవను అల ఎత్తి ఇసుక మీద పడేస్తే చెక్క పగులుతుంది. కుట్టిన పడవ వంగి, దెబ్బను ఓర్చుకుని మళ్లీ నిలబడుతుంది. మద్రాసు నుంచి ఇటు దాకా దొరలందరూ ఓడ దిగి ఇలాంటి పడవల్లోనే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒడ్డు చేరారు.

సరే, గిడ్డంగి సంగతికి వద్దాం. ఓడ వచ్చే రోజు ఒకటి, సరుకు వచ్చే రోజు మరొకటి. ధాన్యం కోతలప్పుడు వస్తుంది. నూనె గింజలు, మన్యం కరక్కాయలు బండ్ల మీద తీరుబడిగా వస్తాయి. ఓడ మాత్రం గాలివాటం, సముద్రం ఒప్పుదల చూసుకుని వస్తుంది. ఈ రెండింటి మధ్య సరుకు ఎక్కడో ఎదురుచూడాలి. గిడ్డంగి అంటే సరుకుకు వెయిటింగ్ రూము. వెయిటింగ్ రూము స్టేషన్లోనే ఉండాలి కాబట్టి గిడ్డంగి రేవులోనే ఉండాలి. సరుకును గిడ్డంగిలోంచి పడవలోకి, పడవలోంచి ఓడలోకి మార్చే ఆ రెండు మూడు చేతుల పని ఉన్నంత కాలమే దానికి బతుకు.

ఆ చేతులు ఎవరివి? కళాసీలవి.

[దృశ్యం: బంగాళాఖాతం పటం. ఉత్తరాంధ్ర తీరం నుంచి రంగూన్‌కు గీత.]

ఉత్తరాంధ్ర తీరం నుంచి స్టీమరు ఎక్కి రంగూన్ వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. బర్మా బియ్యం ప్రపంచమంతా తిరుగుతున్న కాలం అది. రంగూన్ నది ఒడ్డున ఓడలకు సరుకు ఎక్కించి దించే పని చాలావరకు తెలుగువాళ్ల భుజాల మీదే నడిచింది. 1930 మే నెలలో వాళ్లు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లు పనికి వెళ్లేసరికి, కొత్తగా చేరినవాళ్లను పొమ్మన్నారు. మండిపడ్డది ఇద్దరి కడుపులూ. రేవులో మొదలైన గొడవ ఊరంతా పాకింది, చాలామంది తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు, మిగిలినవాళ్లలో ఎందరో కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగొచ్చారు. ఏటి ఒడ్డు గిడ్డంగుల చరిత్ర అంటే సాధారణంగా ఇటుక గోడల ఫోటోలు చూపిస్తారు. మన జిల్లాల వరకు ఆ చరిత్ర ఇళ్లలో ఉంది, గోడల్లో కాదు.

ఇక మన రేవులు ఎలా మూతపడ్డాయి? సముద్రం మింగేసిందని, నది అలిగిందని కథలు చెబుతారు. అసలు కారణం రైలు. 1890లలో తూర్పు తీరపు రైలు మార్గం ఆమదాలవలస మీదుగా వెళ్లింది, తీరానికి దూరంగా. కళింగపట్నానికి రైలు రాలేదు. 1931లో విజయనగరం, రాయ్‌పూర్ మధ్య లైను పూర్తయింది. రెండేళ్లకు, 1933లో, విశాఖపట్నం హార్బరు తెరుచుకుంది. అక్కడ ఓడ గట్టుకే ఆనుకుంటుంది. రైలు పెట్టె ఓడ పక్కకే వస్తుంది. మధ్యలో పడవ పని లేదు, అలల్లో తడిసే భయం లేదు. ఇంక ఏ వర్తకుడైనా బండ్లు కట్టించుకుని గార దారి పడతాడా?

[దృశ్యం: మార్పు. సింగపూర్ నది, బోట్ కీ వంపు, వెనుక ఎత్తైన భవనాలు.]

ఇదే కథ మరో ఊళ్లో వేరుగా ముగిసింది. సింగపూర్ అనగానే ఉద్దానం పల్లెల్లో ఎవరో ఒకరు మా అబ్బాయి అక్కడే వెల్డరు అంటారు. ఆ అబ్బాయి ఆదివారం సాయంత్రం నడిచే ఈ నది గట్టు ఒకప్పుడు ఊరి మొత్తం వర్తకానికి ఆయువుపట్టు.

1819లో ఈస్టిండియా కంపెనీ అధికారి స్టాంఫర్డ్ రాఫెల్స్ దిగినప్పుడు నదికి దక్షిణాన ఉన్నది బురద నేల. 1822లో దగ్గరలోని చిన్న గుట్టను తవ్వించి ఆ మట్టితో దాన్ని పూడ్చారు. ఆ నేల మీద బోట్ కీ అనే పడవల గట్టు లేచింది. నది అక్కడ చేప పొట్టలా వంపు తిరుగుతుంది. చేప పొట్ట దగ్గర కాపురం పెడితే సంపద చేరుతుందని చైనా వర్తకుల నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, 1860ల నాటికి ఊరి ఓడ వ్యాపారంలో నాలుగింట మూడు వంతులు ఆ వంపులోనే జరిగేది.

అక్కడా ఓడ నదిలోకి రాదు. బయట లంగరు వేస్తుంది. లైటర్లు అనే వెడల్పాటి పడవలు సరుకు మోస్తాయి. వాటి ముందు భాగం మీద రెండు కళ్లు గీస్తారు, దారిలో ప్రమాదం కనిపెట్టడానికి. తొలి రోజుల్లో ఈ పడవలు నడిపినవాళ్లలో ఎక్కువమంది మన కోరమండల్ తీరం నుంచి వెళ్లినవాళ్లే. తర్వాత ఆ పని చైనావాళ్ల చేతుల్లోకి పోయింది. పడవకూ గట్టుకూ మధ్య సన్నని పలక, దాని మీద బస్తా వీపున వేసుకుని నడిచే కూలీ. పలక ఊగుతుంది, కింద నల్లటి నీళ్లు.

[దృశ్యం: కావనా వంతెన దగ్గర పాత బోర్డు, దగ్గరగా.]

ఈ బోర్డు చూడండి. నది మీద 1869లో పూర్తయిన కావనా వంతెన దగ్గర ఇప్పటికీ ఉంది. మూడు హండ్రెడ్‌వెయిట్ బరువు దాటిన బండ్లు, పశువులు, గుర్రాలు వంతెన మీదికి రాకూడదట. మూడు హండ్రెడ్‌వెయిట్ అంటే మన లెక్కలో నూట యాభై కిలోల పైచిలుకు. వంతెన చాలా కిందికి ఉంది కాబట్టి నీరు పోటెక్కినప్పుడు పడవలు దాని కింద దూరలేక, పాటు వచ్చేదాకా ఆగేవి. వంతెన కట్టిన ఇంజనీర్లు పడవవాళ్లను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

1972లో తాంజోంగ్ పగార్ రేవుకు మొదటి కంటైనరు ఓడ వచ్చింది. ఇనుప పెట్టెలో సరుకు ఫ్యాక్టరీలోనే నిండుతుంది, క్రేను దాన్ని ఎత్తి నేరుగా ఓడలో పెడుతుంది. గిడ్డంగికి బతుకునిచ్చిన ఆ రెండు మూడు చేతుల పని పోయింది. మనకు రైలు, విశాఖ హార్బరు చేసిన పనే అక్కడ ఆ పెట్టె చేసింది.

అప్పటికి నది కంపు కొడుతోంది. పైన పందుల పెంపకం, బాతుల పెంపకం, ఒడ్డున వీధి వంటల బండ్లు, గుడిసెల మురుగు, పడవల నూనె అన్నీ అందులోకే. 1977 ఫిబ్రవరిలో ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ల గడువు పెట్టారు, నదిలో మళ్లీ చేపలు పట్టేలా ఉండాలని. వాళ్లు గిడ్డంగులకు సున్నం వేయడంతో మొదలుపెట్టలేదు. ముందు మురుగు ఎక్కడి నుంచి వస్తోందో కాలువ కాలువా వెతుక్కుంటూ ఎగువకు వెళ్లారు. పందుల ఫారాలు మూయించారు. దాదాపు ఐదు వేల మంది వీధి వ్యాపారులకు నీళ్లు, మురుగు కాలువ ఉన్న కప్పు కింద చోటిచ్చారు. వేల కుటుంబాలను ప్రభుత్వ ఫ్లాట్లకు మార్చారు. 1983లో ఎనిమిది వందల పైచిలుకు పడవలను నది వదిలించి, సముద్రం ఒడ్డున ఉన్న పాసిర్ పంజాంగ్‌కు తరలించారు. అడుగున పేరుకున్న బురద తోడేశారు. 1987కి పని ముగిసింది. పరిహారాలు కాకుండా దాదాపు 17 కోట్ల సింగపూర్ డాలర్లు ఖర్చయింది.

గోడల వంతు ఆ తర్వాతే వచ్చింది. 1989లో బోట్ కీని పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఎగువన క్లార్క్ కీ గిడ్డంగులను బాగుచేసి 1993లో తెరిచారు. కప్పులు, కిటికీలు పాతవే, లోపల హోటళ్లు, దుకాణాలు. కళ్లు గీసిన ఆ పడవలే ఇప్పుడు పర్యాటకులను తిప్పుతున్నాయి.

చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. నాకు మాత్రం ఒక్క చోట మనసు ఒప్పదు. పాసిర్ పంజాంగ్ దగ్గర అలలు ఎక్కువని, పడవలు దెబ్బతింటాయని పడవవాళ్లు మొరపెట్టుకున్నా తరలింపు ఆగలేదు. వాళ్ల వృత్తి అక్కడితో సన్నగిల్లింది. ఇప్పుడు అదే గట్టు మీద బస్తాలు ఎత్తే కూలీల కంచు విగ్రహాలు నిలబెట్టారు. మనిషిని పంపేసి బొమ్మను నిలబెట్టడం మనకూ కొత్త కాదు లెండి.

[దృశ్యం: శ్రీకాకుళం పట్నం, నాగావళి వంతెన. తర్వాత మళ్లీ కళింగపట్నం.]

మనం ఏం చేయాలి? రివర్ ఫ్రంట్ అనగానే మన ఊళ్లలో మొదట లేచేవి సిమెంటు గట్టు, రంగు దీపాలు, ఐ లవ్ అని రాసిన పెద్ద అక్షరాలు. నాగావళిలోకి పట్నం మురుగు వస్తున్నంత కాలం ఆ దీపాల కింద ముక్కు మూసుకునే కూర్చోవాలి. సింగపూర్ నుంచి నేర్చుకోవలసింది హంగులు కాదు, వరస. మొదట నీరు. తర్వాత ఆ నీటి మీద బతికేవాళ్లు. చివరికి గోడలు.

కళింగపట్నానికి ఒక సౌకర్యం ఉంది. ఒక్క పూట తిరుగుడులో శాలిహుండం, నదీ ముఖం, లైట్‌హౌస్, మదీనా బాబా దర్గా అన్నీ చుట్టేయొచ్చు. ఒడ్డున ఇంకా వల లాగే మత్స్యకారులు ఉన్నారు. వాళ్లకు పడవ దింపే జాగా, చేప ఎండబెట్టే జాగా వదిలి మిగతా చోట ఏ పార్కు వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. వాళ్లను జరిపి వేస్తే మాత్రం కంచు విగ్రహాలకు టెండరు కూడా అప్పుడే పిలవడం మంచిది.

ఇటు సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023లో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. ఓడలు మళ్లీ మన జిల్లాకు వస్తాయి, గిడ్డంగులూ లేస్తాయి. ఈసారి అవి రేకుల షెడ్లు, ముందు కంటైనరు యార్డు. అందులో కళాసీకి ఎంత పని మిగులుతుందో ఇప్పుడే అడగాలి. రేవు కట్టాక అడిగితే పనులన్నీ పంచేసి ఉంటారు.

మరో సంగతి. సింగపూర్‌లో 1979లోనే మౌఖిక చరిత్ర విభాగం పెట్టి పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. మన వైపు రేవుల్లో మోసినవాళ్లు, రంగూన్ వెళ్లినవాళ్లు ఇప్పుడు లేరు. వాళ్ల పిల్లలు, మనవలు ఉన్నారు. మీ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున రంగూన్ ఉత్తరం, స్టీమరు టిక్కెట్టు, మనియార్డరు రసీదు, రేవు కాంట్రాక్టు కాగితం ఏదైనా ఉంటే పారేయకండి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయండి. ఊరి పేరు, ఓడ పేరు, తేదీ కనిపించాలి. కాగితం వెనక కూడా తీయండి, లెక్కలు చాలాసార్లు అక్కడే రాసి ఉంటాయి. అమ్మమ్మ గానీ తాతయ్య గానీ చెప్పిన మాట గుర్తుంటే, వాళ్లు అన్నది అన్నట్టుగా కింద రాయండి. వచ్చిన వాటితో తర్వాతి వీడియో చేస్తాను.