మీ వరండాలో గబ్బిలం కాపురం ఉండట్లేదు, భోంచేసి పోతోంది

(సాయంత్రం. వరండా మెట్ల మీద కూర్చుని. ముందు స్టూలు మీద మూడు చిన్న గిన్నెలు.)

నమస్తే అండీ. ఈసారి మ్యూజిక్కు, హడావిడి ఏమీ లేవు, ఎందుకంటే నాకు కాస్త చిరాకుగా ఉంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మళ్ళీ అదే మెసేజ్: "సెకండ్ ఫ్లోర్ బాల్కనీలో గబ్బిలాలు కాపురం పెట్టాయి, పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలుద్దాం, ఇంటికి 300." కింద వరసగా బొటనవేళ్ళు. 300 ఇవ్వడానికి కాదండీ నా ఏడుపు. అక్కడ అసలు గబ్బిలాలు కాపురమే లేవు! పగలు వెళ్ళి చూడండి, ఒక్కటి వేలాడుతూ కనిపిస్తే నన్నడగండి. బాడుగకే దిగని వాణ్ణి ఖాళీ చేయించడానికి మనం చందాలు వేసుకుంటున్నాం.

బెంగళూరులో మన ఇళ్ళ దగ్గర కనిపించే గబ్బిలాలు ప్రధానంగా రెండు బాపతులు. ఒకటి పార్సిల్ బాపతు, రెండోది పీజీ బాపతు.

పార్సిల్ అంటే ఏంటో చెప్తా. పొద్దున్నే దర్శినికి, అంటే నిలబడి టిఫిన్ తినే హోటల్‌కి వెళ్తారు, నిలబడి తినడానికి కూడా చోటుండదు, మోచేతులు తగులుతుంటాయి, పక్కవాడి సాంబారు మన చొక్కా మీద. అప్పుడేం చేస్తారు? ఇడ్లీ వడ పార్సిల్ కట్టించుకుని, రెండు సందుల అవతల ఎవరిదో అరుగు ఖాళీగా ఉంటే కూర్చుని తినేసి, పొట్లం కాగితం అక్కడే పడేసి వెళ్ళిపోతారు. (పడేయకూడదు. కానీ పడేస్తారు, నేను చూశాను.) ఆ అరుగు మీ వరండా. ఆ మనిషి పొట్టి ముక్కు గబ్బిలం, శాస్త్రవేత్తలు సైనాప్టెరస్ స్ఫింక్స్ అంటారు. పళ్ళు తింటుంది. బాదం చెట్టు దగ్గరే కూర్చుని తింటే గుడ్లగూబ కాచుకుని ఉంటుంది, తోటి గబ్బిలాలు లాక్కోవడానికి వస్తాయి, అందుకని కాయ నోట కరుచుకుని చీకటిగా, సందడి లేకుండా ఉన్న చోటికి ఎగిరొచ్చి, మీ బాల్కనీ సీలింగ్‌కి ఉన్న ఫ్యాన్ కొక్కేనికో కేబుల్ వైరుకో వేలాడి తింటుంది. తిని మళ్ళీ చెట్టు దగ్గరికి పోతుంది, ఇంకో పార్సిల్ తెచ్చుకుంటుంది. రాత్రికి ఎన్నిసార్లో. తెల్లారేసరికి దాని ఇంటికి అది పోతుంది, ఆ ఇల్లు ఏ తాటాకు కిందో, మన అపార్ట్‌మెంట్ల గోడ పొడవునా నాటుతారే, ఆ పొడుగు అశోక చెట్ల కొమ్మల్లోనో ఉంటుంది. మగది ఆకుల ఈనెలు కొరికి, వంచి, గుడారంలా కట్టుకుంటుందండీ, ఆడవాటిని పిలవడానికి. సొంతిల్లు కట్టుకున్న జీవి అది, మన బాల్కనీ దానికెందుకు చెప్పండి?

రెండోది పీజీ బాపతు. ఇది నిజంగానే మీ ఇంట్లో ఉంటుంది. పిపిస్ట్రెల్ అనే బుల్లి గబ్బిలాలు, బరువు 10 గ్రాములు కూడా ఉండదు, పురుగులే తిండి. ఏసీ పైపు కోసం కొట్టిన కన్నం, రోలింగ్ షట్టర్ పెట్టె, గోడకీ నేమ్ బోర్డుకీ మధ్య సందు, వేలు దూరేంత చోటు చాలు. పగలంతా నిద్ర, మునిమాపున డ్యూటీకి బయల్దేరతాయి. నైట్ షిఫ్ట్ పిల్లల పీజీ అనుకోండి.

మరి మీ ఇంట్లో ఉన్నది ఏదో ఎలా తెలుస్తుంది? గబ్బిలాన్ని చూడక్కర్లేదు, నేల చూస్తే చాలు.

(మొదటి గిన్నె కెమెరా దగ్గరికి.)

ఇది చూడండి. చెరుకు పిప్పిలా ఉంది కదా? పండు నమిలి, రసం మింగి, పీచు ఇలా ఉండలా ఉమ్మేస్తుంది. పక్కన ఇవి అశోక చెట్టు గింజలు, ఇది పళ్ళ గాట్లున్న బాదం కాయ. గోడ మీద పసుప్పచ్చ చిందులు కూడా ఉంటాయి. పిప్పి, గింజలు, చిందులు ఉన్నాయంటే పార్సిల్. పొట్లం కాగితం చూసి ఏ హోటలో చెప్పినట్టు, గింజ చూసి ఏ చెట్టు నుంచి వచ్చిందో కూడా చెప్పొచ్చు. మా దాంట్లో ఎక్కువ సింగపూర్ చెర్రీ గింజలే, ఇక్కడివాళ్ళు గసగసె హణ్ణు అంటారు, గసగసాల్లాగే ఉంటాయి మరి.

(రెండో గిన్నె.)

ఇవి నల్లగా, బియ్యపు గింజంత. సందు కింద ఒకే చోట పడి ఉంటాయి. పుల్లతో కాగితం మీద నొక్కితే పొడైపోతాయి, ఆ పొడిలో మిలమిలా మెరిసేవి పురుగుల రెక్కల ముక్కలు. ఇది పీజీ.

(మూడో గిన్నె.)

ఇది గబ్బిలానిదే కాదు! ఒక చివర తెల్ల చుక్క ఉంటే బల్లిది. గట్టిపడి పొడి కాకపోతే ఎలుకది అయ్యుండొచ్చు. మా పై ఇంటి ఆంటీ ప్లాస్టిక్ కవర్లో వేసి భద్రంగా తెచ్చి చూపించింది బల్లిదే, పాపం ఆవిడ వారం రోజులు నిద్రపోలేదట.

హిందూపురం నుంచి మా అమ్మ ఫోను: "ఒరేయ్, గబ్బిలం ఇంట్లో దూరితే మంచిది కాదంట, పంతులు గారిని అడుగు." అదే అమ్మ చెప్పే సామెత ఉంది, గబ్బిలం ఇంటికి గబ్బిలం చుట్టమొస్తే నువ్వూ వేలాడు నేనూ వేలాడతా అందట. అంత కలుపుగోలు ప్రాణి అపశకునం ఎలా అవుతుందమ్మా అంటే ఫోన్ పెట్టేసింది. ఇక రక్తం తాగుతాయని భయపడేవాళ్ళకి ఒక్క మాట: రక్తం తాగే గబ్బిలాలు ప్రపంచం మొత్తంలో మూడే జాతులు, మూడూ మెక్సికో నుంచి కిందికి, దక్షిణ అమెరికా దాకానే ఉంటాయి.

గబ్బిలాల నుంచి మనుషులకి సోకే నిపా వైరస్ సంగతి మాత్రం నవ్వులాట కాదు. 2018లో కేరళలోని కోళికోడ్‌లో అది సోకి జనం చనిపోవడం మనందరికీ గుర్తుంది. ఆ వైరస్ ఉండేది ఎక్కువగా చెరువు గట్ల మీద మర్రి చెట్లకి గుంపులుగా వేలాడే పెద్ద గబ్బిలాల్లో, రెక్కలు చాపితే మీటరు పైనే ఉంటాయే, వాటిలో. అయినా సరే, గబ్బిలం కొరికిన పండు ఏదీ తినొద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు. రెట్ట పొడిగా ఉన్నప్పుడు చీపురుతో ఊడ్వకండి, దుమ్ము లేస్తుంది. మాస్కు, గ్లౌజులు వేసుకుని, నీళ్ళు చల్లి తడిపి తీయండి.

అయ్యో, ఆరున్నర అయిపోయింది, అది వచ్చే టైమైంది, త్వరగా చెప్పేస్తా.

పార్సిల్ బాపతుకి: అది వేలాడే చోట రాత్రంతా లైటు వేసి ఉంచండి, చాలాసార్లు వేరే అరుగు వెతుక్కుంటుంది. అవసరం లేని కొక్కెం పీకేయండి. రెండూ వద్దంటే కింద పాత పేపర్ పరవండి, నేను చేసేది అదే. చెట్టే కొట్టేద్దాం అంటారు కొందరు, హోటల్ మూసేస్తే పార్సిల్ రాదని. ఇక్కడ చెట్టు కొట్టాలంటే 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం పర్మిషన్ కావాలి, పైగా నీడ పోతుంది, కారు కాలిపోతుంది, అప్పుడు మళ్ళీ గ్రూప్‌లో మీరే ఏడుస్తారు. చంపడం అసలే వద్దు. వన్యప్రాణి చట్టంలో పళ్ళు తినే గబ్బిలాల్ని ఎలుకలు, కాకులతో కలిపి హాని చేసేవాటి జాబితాలో పెట్టారు ఒకప్పుడు, 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తేశారు.

పీజీకి: నిజానికి ఉండనివ్వండి, వానలు మొదలయ్యాక లైటు చుట్టూ ముసిరే ఉసిళ్ళని తినేది ఇవే. వద్దే వద్దంటే కన్నానికి పైన, పక్కలా అంటించి, కింద మాత్రం వదులుగా వేలాడేలా సన్నటి వల కట్టండి. బయటికి జారి వస్తాయి, మళ్ళీ లోపలికి దారి దొరకదు. వారం ఆగి సిమెంటు పెట్టండి. లోపల పిల్లలుంటే మాత్రం అవి ఎగరడం నేర్చే దాకా ఆగాలి, లేకపోతే తల్లి బయట, పిల్ల లోపల, ఆ తర్వాత వాసన మీకు. కలరా ఉండలు, ఆన్‌లైన్లో అమ్మే శబ్దం మిషన్లు దండగ.

గదిలోకి వస్తే ముందు ఫ్యాన్ ఆపండి. అది ముఖ్యం, రెక్క తగిలితే అయిపోయినట్టే. తర్వాత లైటు ఆపి, కిటికీలు తీసి, లోపలి తలుపు వేసి మీరు బయటికొచ్చేయండి. చీపురు, చాట, అరుపులు వద్దు. కింద పడి ఉంటే వట్టి చేత్తో పట్టుకోకండి, మందం గుడ్డతో అట్టపెట్టెలోకి ఎక్కించి సాయంత్రం చెట్టు మొదట్లో పెట్టండి. కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే, రేబిస్ ఇంజెక్షన్ సంగతి ఆయన చెప్తారు. పావురాల వల బిగుతుగా కట్టించండి, వదులైతే ఇవి చిక్కుకుంటాయి. ఆ పావురాలు చేసే గలీజు ముందు ఇవెంత అసలు, అది ఇంకో వీడియో...

(పైన చప్పుడు. గొంతు తగ్గించి.)

వచ్చింది. బాదం కాయే. లైటు తీసేస్తున్నా, వీడియో కనబడదు, సారీ.